ఈతకొలని గచ్చుమీది మరకలు



పూర్వము రాజగృహములలో క్రీడావాపులును దీర్ఘికలును ఉండెడివని కావ్యములలో చదువుచుందుము. పండ్రెండవ శతాబ్దమున పశ్చిమచాళుక్య ప్రభువగు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున సలిలక్రీడయు రాజులకు దగిన వినోదములలో నొకటిగా జెప్పబడినది. ఆనాడు రాజులకే దక్కిన యా భోగము నేడు హైదరాబాదు, విశాఖపట్టణము మున్నగు నగరముల శివారులలో గృహస్థుల పెరళ్లలోనికి వచ్చినది. అమెరికాదేశమున నున్న మన తెలుగు కుటుంబములలో ననేకులకు పెరటికొలను వింత గానే కాదు. అయితే రాజుల కొలనులను తోముటకు పరిచారకు లుండిరి. కవు లా పనిని వర్ణింపనూ లేదు. మన కొలనులను కనిపెట్టుకొని యుండు భారము మాత్రము ఇల్లాలిపైననే పడుచున్నది.

మా యింట కొలను లేదు. బడిపంతులుగారి యింట రెండు గచ్చుతొట్లుండుటయే పదివేలు. కాని మా పినతల్లికూతురు నగరమునకు వెలుపల కట్టుకొన్న యింట 20 అడుగుల పొడవును, 10 అడుగుల వెడల్పును, 4 అడుగుల లోతును గల చిన్నకొలను గలదు. వేసవి సెలవులలో పిల్లలతో నచటికి బోయినప్పుడు, తెల్లని గచ్చంతయు మచ్చలు పడి, బొల్లి సోకిన మేనువలె నున్నది. ఇంట నుపనయనము తలపెట్టుకొని యుండుటచే నామె కది మిక్కిలి చింతయైనది. "అక్కయ్యా, మేస్త్రీ ఆసిడ్డు పోసి కడిగిన నొక్కపూటలో తెల్లబడునని చెప్పుచున్నాడు. పోయింతునా?" అని యడిగినది. మరక యేదో తెలియకుండ మందు నిర్ణయింపవలదని నేను వారించితిని. మా యింటివారు ఉన్నతపాఠశాలలో రసాయనశాస్త్రము బోధించువారగుటచే వారిని సంప్రదించియు, ఒక్కొక్క మరకను పరీక్షించియు మేము చేసిన పనినే యిచట వివరించుచున్నాను. కొలనులు లేని సోదరీమణులు దీనిని విడిచిపెట్టనక్కరలేదు. నీళ్లతొట్టికిని, స్నానపుగది గచ్చుకును చాలవర కివియే వర్తించును.

ముందుగా గచ్చు స్వభావము నెరుంగవలెను. మన పెద్దలు సున్నమును, ఇసుకను గానుగలో నూరి, కరక్కాయ నానబెట్టిన నీటిని, బెల్లపునీటిని చేర్చి గచ్చు చేసెడివారు. నేటి కొలనులకు తెల్లసిమెంటును పాలరాతిపొడిని కలిపి సుమారు అరయంగుళము మందమున పూయుచున్నారు. రెండును సున్నపు జాతివే, క్షారగుణము గలవే. కంటికి నునుపుగా గనబడినను వానినిండ సూక్ష్మరంధ్రము లుండును. నీటిలో కరగియున్న దేదైన నా రంధ్రములలో జొరబడి నిలిచిన నదియే మరక. సున్నమునకు ఆమ్లము శత్రువు. కావున ఆమ్లము మరకను మాత్రమే తినదు, గచ్చునుగూడ తినును. మేస్త్రీ చెప్పిన యొక్కపూట తెలుపు, గచ్చు పైపొరను గీచివేయుటవలన వచ్చు తెలుపే. అరయంగుళపు గచ్చున నట్టి పొరలెన్ని యుండును? రెండుమూడు పర్యాయములైన పిమ్మట కొలనునంతయు మరల పూయింపవలసి వచ్చును. మీదుమిక్కిలి ఆమ్లము తిన్న గచ్చు గరుకుబారి, మునుపటికంటె త్వరగా మరకలను పట్టును.

ఇక నిదానము. మయసభలో దుర్యోధనుడు నీటిని నేలయనియు, నేలను నీరనియు భ్రమించెను. మరకల విషయమున మన కన్నులును అట్లే మోసపోవును. గోధుమరంగు మరక ఆకువలన గలిగినది గావచ్చును, ఇనుమువలన గలిగినది గావచ్చును. రెండింటి మందులును వేరు, ఒకదాని మందు రెండవదానికి విషము. అందుచే రంగు చూచి తీర్పు చెప్పక, చిన్న పరీక్షలు రెండు చేయవలెను.

మొదటిది బ్లీచింగుపొడి పరీక్ష. నీటిని త్రిప్పు పంపు నాపి, నీరు నిలకడ చెందిన పిమ్మట, మరకమీద చిటికెడు పొడిని పడునట్లు విడువవలెను. కొన్ని నిమిషములలో మరక వెలిసిన నది ఆకులు, పూవులు, పండ్లవంటి వానివలన గలిగినది. రెండవది విటమిన్ సి పరీక్ష. మందులంగడిలో దొరకు నారింజరంగు చప్పరించు బిళ్లలలో చక్కెరయు రంగును చేరియుండును గాన, రసాయనములమ్ము చోట దొరకు తెల్లని పొడియే మేలు. దానిని పలుచని గుడ్డలో మూటగట్టి మరకపై అరనిమిషము మొదలు నిమిషమువరకు అదిమి పట్టవలెను. ఆ చోటు తెల్లబడిన నది యినుపమరక. ఈ రెండు పరీక్షలను ఒక్కచోటనే వెంటవెంటనే చేయరాదు. క్లోరినును విటమిన్ సియు నొకదాని నొకటి చంపుకొనును. అప్పుడు దేనికిని ఫలితము గనబడక, మరక మొండిదని మీరు వృథాగా నిరాశ చెందుదురు.

ఆకుమరక గుర్తించుట కష్టము గాదు. నాటుబాదము, టేకు, నేరేడు, మామిడి కొలనుచెంత నున్నచో ఆకు రాలి యడుగున నిలిచి, దాని రూపమే గచ్చుపై నచ్చుపడును. క్లోరినును కొంచెము హెచ్చించి, నైలాను కుంచెతో దినమున కొకసారి రుద్దిన నివి నాలుగైదు దినములలో పోవును. ఎండ తోడ్పడును. ఇనుపతీగెల కుంచె నెన్నడును వాడవలదు; దాని తునకలు గచ్చులో నిలిచి త్రుప్పుపట్టి, ఒక మరకకు బదులు నూరు మరకల నిచ్చును.

ఇనుపమరకయే మన ప్రాంతమున నెక్కువ. బోరునీటిలో ననేకచోట్ల నినుము కరగియుండును. తోడినప్పు డా నీరు స్ఫటికమువలె నిర్మలముగా గనబడును. దానిలో క్లోరిను కలిసినతోడనే యినుము త్రుప్పుగా మారి, నీరు తేనీటిరంగు దాల్చి, ఆ త్రుప్పు గచ్చుమీద దిగును. గృహిణి గోధుమరంగు మరకను చూచి మురికి యనుకొని యింకను బ్లీచింగుపొడి చల్లును; మరక యింకను ముదురును. మా చెల్లెలింట నాలుగు నెలలుగా జరిగినది సరిగా నిదియే. తలనుండి జారిన పిన్నులు, పిల్లల యాటవస్తువుల మేకులు, ఇనుపకుర్చీకాళ్లు గూడ నిట్టి మరకలనే చేయును; కాని వాని మరకలు ఆయా వస్తువుల యాకారమున నుండును.

ఇచట నొక విచిత్రము గలదు. ఆమె కొలనిలో నొకమూల మరకలు గోధుమరంగున గాక, కాటుకవలె నల్లగా నుండెను. ఆ మూలపైననే బాదముచెట్టు కొమ్మలు వ్రాలియున్నవి. మా యింటివారు విని, "అది సిరా" అని నవ్విరి. కరక్కాయ కషాయములో అన్నభేది కలిపిన నల్లసిరా యగునని మన పెద్దలెరుగుదురు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు నేటికిని బట్టను కరక్కాయయు పాలును కలిపిన నీట ముంచి యారబెట్టి, త్రుప్పుపట్టిన యినుమును బెల్లముతో పులియబెట్టిన నీటితో కలముబట్టి గీయుదురు. గీచినచోట గీత నల్లబడును. కరక్కాయలోని వగరును ఇనుమును కలిసినప్పుడు పుట్టు నలుపది. బాదమాకులోను ఆ వగరే యున్నది, బోరునీటిలో ఇనుమున్నది. ఇక సిరాకు గొదవయేమి? బట్టపై నందమైనది గచ్చుపై మరకయైనది, అంతియే. ఇట్టి మరకకు బ్లీచింగుపొడి వేసిన నలుపు పోయి, అడుగున గోధుమరంగు మిగులును. అనగా ఆకుపాలు తొలగి, ఇనుపపాలు నిలిచినదన్నమాట. కావున దీనికి మందు రెండువిడతలుగా నీయవలెను: మొదట క్లోరిను, అది పూర్తిగా విరిగిన కొన్నిదినములకు విటమిన్ సి.

తక్కిన మరకలను సంగ్రహముగా జెప్పెదను. నీలముతో గూడిన యాకుపచ్చ మరక రాగివలన గలుగును. పాచి పోవుటకై మైలుతుత్తము వేయుట, నీటిని వేడిచేయు యంత్రపు రాగిగొట్టములను ఆమ్లగుణముగల నీరు తినుట దీనికి గారణములు. నిమ్మఉప్పు దీనికి పనిచేయును. నీటియంచున తెల్లగానో బూడిదరంగుననో పొలుసుగట్టి, గోటికి గరుకుగా దగులునది కఠినజలములోని సున్నము. ఆమ్లపుబొట్టు వేసిన పొంగునని దీనికొక పరీక్ష చెప్పుదురు గాని, పొలుసు పొంగినట్లే గచ్చును పొంగును గాన నా పరీక్షవలన ప్రయోజనము తక్కువ, గోరే నమ్మదగినది. తాకిన జారునట్టి పచ్చదనము పాచి. మిరియపుగింజలవలె నల్లగా గచ్చును కరచిపట్టియుండునది నల్లపాచి. దానిని గట్టికుంచెతో రుద్ది పైపొర పగులగొట్టనిదే క్లోరిను లోనికి దిగదు.

పండుగదినముల తరువాత నెఱ్ఱమచ్చలు కనబడిన భయపడవలదు. పసుపును సున్నమును కలిసిన పారాణి యగును గదా! పసుపునీ రొలికిన గచ్చు ఎఱ్ఱబడుటకు గారణ మదియే. రెండెండలు గాచిన, కొంచెము క్లోరిను తగిలిన నది వెలిసిపోవును.

మందులకు లొంగనివి రెండు గలవు. క్రొత్తగచ్చుపై మేఘములవలె బూడిదరంగు చాయలు గనబడిన నవి మరకలు గావు. సిమెంటు త్వరగా గట్టిపడుటకై కాల్షియము క్లోరైడు కలుపుటవలనను, ఆరుచున్న గచ్చును తాపీతో మరీ యెక్కువగా నొత్తుటవలనను గచ్చు రంగే యట్లు తేడాపడును. తోమినకొలది గచ్చరుగును గాని చాయ పోదు. రెండవది, గుండ్రని త్రుప్పుచుక్క. తుడిచిన పోయి మరల నచ్చోటనే పుట్టి, నానాటికి పెరుగును. అది నీటినుండి వచ్చినది కాదు. లోపలి యినుపకడ్డీయో, కట్టుతీగెయో గచ్చు పైపొరకు మిక్కిలి దగ్గరగా నుండి త్రుప్పుపట్టుచున్నది. దీని నుపేక్షించిన త్రుప్పు ఉబ్బి గచ్చును పగులగొట్టును. మేస్త్రీచేత నచ్చోట చెక్కించి, ఇనుమును లోతుగా కోయించి, మరల పూతవేయింపవలెను. మా చెల్లెలి కొలనిలో నిట్టివి మూడు బయటపడినవి.

ఇనుపమరకలను మేము తీసిన విధమిది. క్రొత్తగా క్లోరిను వేయక కొలనును ఎండకు విడిచితిమి. కొలతపట్టీతో దినదినము చూచుచు, క్లోరిను దాదాపు శూన్యమైనపు డారంభించితిమి. వేయి లీటర్లకు సుమారు 12 గ్రాముల విటమిన్ సి పొడి సరిపడును. ఆ కొలనిలో సుమారు 22,600 లీటర్ల నీరు పట్టును గాన పావుకిలోకు కొంచెము మించి కావలసివచ్చినది. పంపు త్రిప్పుచు, మరకలెక్కువగా నున్నచోట నెక్కువగా చల్లితిమి. ఒక గంట గడచునప్పటికి గోధుమరంగు నీటిలో మంచువలె కరగిపోయినది. పిల్లలు చప్పట్లు చరచిరి గాని, వారి నా దినమున నీట దిగనీయలేదు.

ఇచట ననేకులు పొరబడుదురు. మరక పోయినదనగా ఇనుము పోయినదని యర్థము గాదు. గచ్చును విడిచి నీటిలో జేరినది. మరునాడే బ్లీచింగుపొడి మెండుగా వేసితిరా, అది మరల త్రుప్పై గచ్చునకే దిగును. అందుచే లోహములను నీటిలోనే పట్టియుంచు మందును వేసి, పిమ్మట క్లోరినును కొంచెము కొంచెముగా ననేక దినములలో హెచ్చింపవలెను. లేదా నీటిలో కొంతభాగము తోడివేసి, ఇనుము తక్కువగా నున్న నీటిని చేర్పవలెను. మే మీ రెండవదానినే యనుసరించితిమి. తోడిన నీరు కొబ్బరిచెట్లకు బోయినది. విటమిన్ సి కూడ ఆమ్లజాతిదే గాన, నీటి పీహెచ్ కొలత తగ్గును. చాకలిసోడాను నీట కరగించి కొంచెము కొంచెముగా జేర్చి సరిచేయవలెను.

వానకాలమున కొలను నంతటిని తోడి యెండగట్టుట మంచిది కాదు. భూమిలో నీటిమట్టము పైకి వచ్చియున్నప్పుడు ఖాళీకొలను పడవవలె పైకి లేచి పగులును. కొలనులో నీటి బరువే దానిని క్రిందికి అదిమియుంచుచున్నది.

ఇక ఆమ్లమునుగూర్చి. దానిని పూర్తిగా నిషేధింపను. సున్నపుపొలుసు రాయివలె గట్టిపడినచోట నిపుణులచేత, మితముగా, అది పనిచేయును. కాని మన యిండ్లలో నా సీసా నిపుణుని చేతికి గాక, ఇంట పనిచేయు స్త్రీ చేతికి బోవుచున్నది. మా కెరుకపడిన యొక యింట నీరు తీసిన కొలనిలోనికి పనిమనిషిని దింపి ఆమ్లము పోయించిరి. మరక పూర్తిగా పోలేదని, అది యారకమునుపే దానిపై బ్లీచింగుపొడి చల్లించిరి. ఆ రెండును కలిసినతోడనే క్లోరిను వాయువు పుట్టును. అది గాలికంటె బరువైనది, గోతిలో నిలిచిపోవును. ఆమె ఊపిరాడక మెట్లెక్కలేకపోయినది. తోటవాడు కేకవిని చేయిపట్టి పైకిలాగెను. ఆసుపత్రిలో కొన్నిదినములుండి బ్రతికినది గాని, నేటికిని నాలుగడుగులు వడిగా నడచిన దగ్గు వచ్చుచున్నది. ఆ యింటివారు ఆస్పత్రి వ్యయము భరించి, తమ ధర్మము తీరినదని తలంచిరి. ఆ స్త్రీకి సీసాపై నున్న హెచ్చరిక చదువురాదు, ఇంటివారికి వచ్చును. చదువవలసినవారు చదువక, చదువలేని దానిని గోతిలోనికి దింపుట యెట్టి న్యాయమో నాకు బోధపడదు.

కావున స్నానపుగది తోముచున్నను సరే, ఆమ్లమును బ్లీచింగుపొడిని ఒకేదినమున, ఒకేచోట వాడవలదు. వానిని ఒకే బీరువాలో నుంచవలదు. ఆమ్లమును పలుచన చేయవలసివచ్చిన నీటిలో ఆమ్లమును పోయవలెను గాని, ఆమ్లములో నీటిని పోయరాదు. అట్లు పోసిన నది చిమ్మి మీదపడును. రబ్బరు తొడుగులును, కన్నులకు మూతయును లేక దానిని ముట్టరాదు. క్లోరిను బిళ్లలలో వేర్వేరు జాతులు గలవు. ఒక జాతిని వేరొకదానితో ఒకే డబ్బాలో కలిపిన మంటయు, ప్రేలుడును గూడ సంభవింపవచ్చును. పాతచెంచాతో క్రొత్తపొడిని తీయుటయు మంచిది గాదు.

మరకలు రాకుండ చూచుకొనుట కేమంత శ్రమ లేదు. పీహెచ్ కొలత 7.2 మొదలు 7.8 వరకు నుండవలెను. అంతకు మిక్కిలి తగ్గిన నీరు గచ్చులోని సున్నమును తినును. హెచ్చిన నీటిలోని సున్నము పొలుసుగట్టును. క్లోరిను పదిలక్షల భాగములకు 1 మొదలు 3 భాగములుండిన చాలును. ఈ రెండింటిని వారమున రెండుపర్యాయములు పట్టీతో చూచుట పదియేండ్ల పిల్లయైన చేయగలపని. మా చెల్లెలింట దాని పెద్దకూతురే యొక నోటుపుస్తకమున వ్రాయుచున్నది. రాలిన యాకులను నాడునాడే వలతో దీయవలెను. తలపిన్నులు, సవరము తీసి వచ్చినవారినే నీట దిగనీయవలెను. క్రొత్తబోరు వేయించినప్పుడు నీటిని పరీక్షింపించి, ఇనుమెంత, కాఠిన్యమెంత యున్నదో ముందే తెలిసికొనిన, కొలను నింపకమునుపే వడపోతకు దగిన యేర్పాటు చేసికొనవచ్చును.

తొట్లు మాత్రమే గల సోదరీమణులకు రెండు మాటలు. వాడుకతొట్టి గోడలపై త్రుప్పుచారలున్నచో, నీరు తీసివేసి, చెంచాడు నిమ్మఉప్పును గ్లాసు నీట కరగించి, గుడ్డ తడిపి పదినిమిషములు మరకపై అంటించి యుంచి, నైలాను కుంచెతో రుద్ది, రెండు మూడు మార్లు కడిగివేయవలెను. చింతపండు పులుసుతో రుద్దుట కొందరికి వాడుక. అది యిత్తడికి మంచిదే గాని, దాని పిప్పి గచ్చు రంధ్రములలో నిలిచి తానే నల్లబడును. త్రాగునీటి తొట్టికైనచో, కడిగిన నీరంతయు పారబోసి, ఒకసారి నిండ నింపి దానినిగూడ విడిచి, రెండవమారు నింపిన నీటినే వాడుకొనవలెను.